అడుగునీటి తొట్టిలో టమాటా: దానికి తగిన మన్ను ఏది?

నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము చిన్నది. కాని దానివలన కలుగు చిక్కు చిన్నది గాదు. పట్టణమున మిద్దెపైని తొట్టిలో టమాటా మొక్కను పెంచుటకు ఏ మన్ను మంచిది యనునదియే నా విషయము. అందులోను, దినదినము పైనుండి నీరు పోయనక్కఱలేక, అడుగుననున్న నీటిని మొక్క తనంతట తాను త్రాగునట్టి తొట్లను గూర్చి చెప్పెదను. వానిని ఈ ప్రసంగమున అడుగునీటి తొట్లని పిలిచెదను.

పల్లెలో సేద్యము చేయు మాకు తొట్టిమంటితో ఏమి పనియని మీరడుగవచ్చును. పని కలదు. నేను హైదరాబాదు పాతనగరమున ఛత్రినాకలో కాపురముండువాడను. లాల్‌దర్వాజ, గౌలిపుర, ఉప్పుగూడ, అలియాబాదు మా చుట్టుపట్ల పేటలు. ఇక్కడ ఇండ్లు గోడకు గోడ తగిలియుండును. పెరడు అను మాట వృద్ధుల నోట వినబడునే గాని, ఇంటివెనుక కానరాదు. మొక్క నాటవలెనన్న మిద్దె యొక్కటే చోటు. ఈ మిద్దెలపై మొక్కలు పెంచువారిలో పెక్కుమంది పల్లెలనుండి వచ్చి స్థిరపడిన మీ బిడ్డలే. వారు టమాటా నాటెదమని జాబు వ్రాసినను, నోటితో చెప్పినను, మీరు ప్రేమతో పంపునది యేమి? మన చేని మన్ను. గోనెసంచిలో నింపి, మూతి కుట్టి, బస్సుమీద వేసి పంపుదురు. ఆ మన్నే ఆ మొక్కకు మృత్యువగుచున్నది. ఏల యట్లగుచున్నదో, దానికి మాఱుగా మీరేమి పంపవలెనో చెప్పుటకే ఈ ప్రసంగము.

టమాటా ధరకు నిలుకడ లేదు. 2023 జూలైలో దేశమందు పెక్కు నగరములలో కిలో నూఱు రూపాయలు దాటినది. మఱియొక కాలమున కోతకూలియైనను గిట్టక, రైతు అదే పంటను బాటప్రక్క పాఱబోయుటయు మీరు చూచియే యుందురు. మిద్దెపైని నాలుగు తొట్లు సంసారమును ఈదింపవు. కాని చారునకు నాలుగు పండ్లు, పచ్చడికి పది పండ్లు ఇంటనే దొరకుటవలన ఇల్లాలికి ఒక నిబ్బరము కలుగును. పసిబిడ్డలకు మొక్క యనిన నేమో తెలియును. అట్టి పని మొదటి యేటనే చెడిపోయినచో, రెండవ యేట ఆ తొట్లలో చీపుళ్లును పాతచెప్పులును చేరును.

మా వీధిలో జరిగిన సంగతి యొకటి మనవి చేసెదను. ఒక యిల్లాలు మిద్దెపై ఆఱు అడుగునీటి తొట్లు పెట్టించెను. పుట్టింటివారు నల్లరేగడి మన్ను పంపిరి. ఆ మంటిలో పత్తియు జొన్నయు ఏపుగా పండునట్టివి. మొక్కలు మూడు వారములు పచ్చగా నుండెను. తరువాత ఆకులు పసుపువాఱినవి. మధ్యాహ్నము వాడిన మొక్క సాయంకాలమునకైనను తేఱుకొనలేదు. అడుగున నీరు నిండుగానే యున్నది. అయినను చాలలేదేమోయని ఆమె పైనుండి కూడ పోసెను. నాలుగు దినములలో అన్నియు చచ్చినవి. తొట్టిని బోర్లించి చూడగా మన్ను ఇటుకవలె ఒక్క ముద్దగా వచ్చినది. అడుగుభాగము మురుగుకాలువ కంపు కొట్టినది. వేళ్లు గోధుమవన్నెకు తిరిగి, పట్టుకొన్నంతనే పైతోలు ఊడివచ్చినది. ఆ మొక్కలు దాహముచేత చావలేదు, ఊపిరాడక చచ్చినవి. ఆమె చేతిలో దోషము లేదు. పుట్టింటి మంటిలోను దోషము లేదు. మంటికి చోటు మాఱినది, అంతియే.

చోటు మాఱిన నేమగునో తెలియుటకు ముందు ఆ తొట్టి కట్టడిని ఎఱుగవలెను. జానెడున్నర యెత్తుగల తొట్టిని ఊహింపుడు. దాని అడుగున నాలుగంగుళముల మేర నీటికొఱకు ఒక అఱ యుండును. ఆ అఱపైన రంధ్రములు గల పలక యొకటి కప్పుగా నుండును. పలకనుండి ఒకటి రెండు చిల్లుల గిన్నెలు నీటి అడుగువఱకు దిగియుండును. పైనున్న మన్ను ఆ గిన్నెలలోనికి దిగి నీటిలో మునిగియుండును. ఒక మూల నిలువుగా నొక గొట్టము. దానిగుండా నీరు పోయుదుము. పలకకు కొంచెము దిగువగా తొట్టిగోడకు ఒక రంధ్రము. నీరు మితిమీఱినచో అందుండి బయటికి పోవును, నీటికిని పలకకును నడుమ కొంత గాలి నిలుచును. ఇంతే యంత్రము. ఇందులో మర లేదు, విద్యుత్తు లేదు.

అయిన నీరు పైకెట్లెక్కును? మీ దేవునిగూటిలోని ప్రమిదను చూడుడు. నూనె అడుగుననున్నది, మంట వత్తి కొననున్నది. నూనె యెవరును పోయకయే కొనకెక్కుచున్నది. ప్రత్తినూలు పోగుల నడుమ సన్నని సందులున్నవి. ఆ సందులగుండా ద్రవము తనంతట పైకి ప్రాకును. దీనినే శాస్త్రజ్ఞులు కేశాకర్షణమందురు. అడుగునీటి తొట్టిలో చిల్లుల గిన్నెలోని మన్ను వత్తి, అఱలోని నీరు నూనె, మొక్క దీపము. ఎండకు మొక్క ఎంత త్రాగునో అంతయే పైకెక్కును.

క్రిందినుండి నీరిచ్చుట క్రొత్త సంగతి గాదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున చీనాదేశమునందు ఫాన్ షెంగ్‌జి యను వ్యవసాయవేత్త, కాల్చిన మట్టికుండను నీటితో నింపి పొలమున పూడ్చి, చుట్టును పాదులు పెట్టుట వ్రాసియుంచెను. మన కాలమున అమెరికాలోని ఫ్లోరిడాయందు బ్లేక్ విసెనాంట్ అను టమాటా రైతు 1990 తరువాతి సంవత్సరములలో అడుగున నీటి అఱగల పెట్టెను సిద్ధపఱచి ప్రచారములోనికి తెచ్చెను. అందులో చేనిమన్ను వేయరాదనుట మొదటి నియమముగా నున్నది.

ఇక ఆ నియమమునకు కారణము. తొట్టిలోని మన్ను రెండు పనులు చేయవలెను. ఒకటి, నీటిని పైకెత్తుట. రెండు, గాలిని దాచుట. నీటినెత్తుటకు సన్నని సందులు కావలెను. గాలిని దాచుటకు పెద్ద సందులు కావలెను. ఈ రెండును ఒకే మంటిలో ఉండవలెను. ఒకటి చేసి రెండవది చేయని మన్ను ఎంత సారవంతమైనను తొట్టికి పనికిరాదు. నేటి నా మాటలన్నింటికి సారమిదియే.

చేనిలో గాలి కెప్పుడును కొఱత యుండదేమని యడుగుదురా? చేను లోతైనది. వానపడిన నీటిని క్రింది పొరలు లాగికొనును. వానపాములు బొరియలు చేయును, నాగలి మంటిని గుల్లబఱచును, పాత పంటల వేళ్లు కుళ్లిన చోట దారులు మిగులును. తొట్టిలో ఇవి యేవియు లేవు. పైగా తొట్టి మన్ను పలకతో ఆగిపోవును. ఉతికి ఆఱవేసిన ధోవతిని చూడుడు. పైయంచు ఆఱినను క్రిందియంచు చాలసేపు తడిగానే యుండును. తొట్టియందును అట్లే, అడుగు నాలుగు వ్రేళ్ల మన్ను ఎల్లప్పుడును తడిసియే యుండును. ఆ తడిలో గూడ గాలికి చోటు మిగిలినచో వేళ్లు బ్రదుకును, లేనిచో కుళ్లును.

మన నేలలను ఒక్కొక్కటిగా విచారింతము. హైదరాబాదునకు చేరువగా పటాన్‌చెరువు వద్ద 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనక్షేత్రమున నల్లరేగడియు ఎఱ్ఱనేలయు ఒకే ఆవరణలో నున్నవి. మన ప్రాంతమున రైతెఱిగిన నేలలు ప్రధానముగా ఈ రెండే.

నల్లరేగడిలో బంకరేణువులు మిక్కిలి సన్నము. తడిసినప్పుడు ఉబ్బి పెద్ద సందులను మూసివేయును. ఎండినప్పుడు ముడుచుకొని పగుళ్లిచ్చును. తొట్టిలో పగులు పడినచో మన్ను గోడనుండియు గిన్నెనుండియు విడిపోవును. అంతట వత్తి తెగిన దీపమువలె నీరెక్కుట ఆగును. తడిసినచో ఊపిరాడదు, ఆఱినచో నీరందదు. పత్తికి తల్లివంటి నేల తొట్టిలో రెండు విధముల చెఱుపు చేయును.

ఎఱ్ఱమన్ను, చల్కమన్ను కొంత మేలనిపించును. కాని కుండీలో పలుమాఱు తడిసిన తరువాత అది కుదించుకొని గట్టిపడును, పైన పెచ్చు కట్టును. ఇసుక కలిపిన బాగుపడదాయని కొందఱందురు. బంకమంటిలో కొద్దిపాటి ఇసుక కలిపిన గుల్లబాఱదు. ఇసుకరేణువుల నడుమ బంక నిండి మఱింత బిగియును. ఉత్త ఇసుకలో గాలియున్నదిగాని ముతక యిసుక నీటిని కొన్ని అంగుళములకు మించి ఎత్తజాలదు. ఉత్త పెంటయెరువు వేసినచో మొదట మెత్తగా నుండి, నెల దాటునప్పటికి కరగి కుంగి పేడముద్దవలె నగును. అందలి లవణములు లేతవేళ్లను కాల్చును.

చేనిమంటితో మఱి రెండు చిక్కులున్నవి. ఒకటి తెగులు. వంగ, మిరప, ఆలుగడ్డ, టమాటా ఒక కుటుంబమువి. అవి పండిన నేలలో ఎండుతెగులు పుట్టించు సూక్ష్మజీవులును, వేళ్లకు బొడిపెలు కట్టించు నులిపురుగులును దాగియుండవచ్చును. సంచితోపాటు వానినిగూడ బస్సెక్కించినవారమగుదుము. రెండవది బరువు. తడిసిన మన్ను లీటరునకు కిలోమీద ముప్పాతికకు తక్కువ తూగదు. 30 లీటర్ల తొట్టిలో అది 50 కిలోలకు మించును. తేలికైన మిశ్రమమైనచో 25, 30 కిలోలు మాత్రమే యగును. పది తొట్లు పెట్టినచో భేదము 200 కిలోలు! పాతనగరమున ఏనాడో కట్టిన మిద్దెలకు ఇది అలక్ష్యము చేయదగిన లెక్క గాదు. ఎట్టి తొట్టియైనను మిద్దె నడుమ గాక, క్రింద గోడయున్న అంచున పెట్టుట మేలు.

కుండీకి చేనిమన్ను చాలదని పండితులకు తెలిసియు చాలకాలమైనది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ ఉద్యానసంస్థలో విలియం లారెన్సు, జాన్ న్యూవెల్ అనువారు 1930 తరువాతి సంవత్సరములలో నారు చచ్చుటకు కారణము వెదకుచు, కుండీలకు ఒక ప్రమాణమైన మిశ్రమమును నిర్ణయించిరి. ఆవిరిచే శుద్ధిచేసిన మంచి మన్ను 7 పాళ్లు, పీటు 3 పాళ్లు, ఇసుక 2 పాళ్లు. పీటు అనునది శీతలదేశముల చిత్తడినేలలలో వేలయేండ్లుగా పేరుకొనిన నాచు. 1960 తరువాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున బూడ్లీ, షెల్‌డ్రేకు అను ఆచార్యులు ఇంకొక అడుగు ముందుకు వేసి, మన్ను బొత్తిగా లేకయే పీటుతోను, వేడిచే పొంగించిన తేలికైన ఖనిజములతోను మిశ్రమము చేసిరి. మన్ను మొక్కను నిలుపు ఆధారమే గాని, ఆ పనిని మఱియొక పదార్థము చేసినను మొక్క కభ్యంతరము లేదని దీనివలన తేలినది.

మనకు పీటు లేదు. దాని యక్కఱయు లేదు. కోనసీమలోను ఇతర తీరప్రాంతములలోను కొబ్బరిపీచు తీయునప్పుడు రాలు గోధుమవన్నె పొట్టున్నది. ఒకప్పుడు దానిని కుప్పలుగా పోసి వదలివేయుచుండిరి. నేడు దానిని ఇటుకలుగా నొత్తి విత్తనముల దుకాణములలో అమ్ముచున్నారు. అది తన బరువునకు అనేకరెట్లు నీరు పట్టును. అయినను నడుమ గాలికి చోటుంచును. వత్తివలె నీటిని చక్కగా పైకెత్తును. 5 కిలోల ఇటుక నీటిలో ఊఱి సుమారు 70 లీటర్ల పొట్టగును.

కాని దీనిలో రెండు లోపములున్నవి. తీరమున ఉప్పునీటిలో నానిన పీచునుండి వచ్చిన పొట్టులో లవణముండును. కావున ఊఱిన పొట్టును గోనెగుడ్డలో వేసి, మంచినీటితో రెండు మూడు మాఱులు కడిగి పిండవలెను. మొదటి నీరు తేనీటివలె ఎఱ్ఱగా వచ్చి క్రమముగా తేటపడును. రెండవ లోపము: ఈ పొట్టు సున్నపు అంశమును, అనగా కాల్షియమును, తనలోనికి లాగికొని మొక్కకు అందనీయదు. కాల్షియమందని టమాటాకాయ అడుగుభాగము నల్లబడి తోలువలె నగును. తడి ఒకనాడు హెచ్చి ఒకనాడు తగ్గినను ఈ జబ్బే కనబడును. అడుగునీటి తొట్టి తడిని నిలుకడగా నుంచును గనుక రోగములో సగమును పోగొట్టును. మిగిలిన సగమునకు జిప్సమ్ మందు.

రెండవ పదార్థము ఎరువు. పొట్టులో సారము లేదు. దానిని ఎరువే యీయవలెను. బాగుగా మాగిన పశువుల ఎరువు గాని, వానపాముల ఎరువు గాని కావలెను. మాగినదానికి గుఱుతేమన, పేడవాసన పోయి తొలకరి మట్టివాసన రావలెను. చేయి పెట్టిన వెచ్చదనము తోపరాదు. గడ్డిపోచల రూపము గుఱుతింపరాదు. పచ్చిపేడ ఎంతమాత్రము కూడదు. ఎరువును జల్లెడపట్టియే వాడవలెను.

మూడవది గుల్లతనము నిచ్చు పదార్థము. దుకాణములలో పెర్లైటు అను తెల్లని పేలాలవంటి వస్తువు దొరకును. అది అగ్నిపర్వతపు గాజుశిలను మిక్కిలి వేడిచేసి పొంగించినది, తేలికైనది, కుళ్లదు. దానికి ధర హెచ్చు. మీ యూరి బియ్యపుమిల్లులోని ఊక దాదాపు అదే పని చేయును. ఊక త్వరగా కుళ్లదు. ఒకటి రెండు పంటలవఱకు మిశ్రమమును కుంగనీయదు. ఉప్పుడుబియ్యపు మిల్లు ఊకయైనచో ధాన్యముతోపాటు ముందే ఉడికియుండును గనుక అందు చిక్కిన వడ్లగింజలు మొలవవు. మామూలు ఊకయైనచో మరుగునీరు పోసి ఒకరాత్రి నాననిచ్చి వాడుడు. మిల్లు పొయ్యిలోని తెల్లబూడిదను మాత్రము కలుపవద్దు. దాని క్షారము మొక్కకు పడదు.

ఇక పాళ్లు. కొలత బరువుతో గాదు, తట్టతోనో డబ్బాతోనో కొలువవలెను. కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, మాగిన ఎరువు ఒక పాలు, ఊక లేక పెర్లైటు ఒక పాలు. ఈ మిశ్రమము 20 లీటర్లకు వేపపిండి రెండు గుప్పెళ్లు, జిప్సమ్ రెండు పెద్ద చెంచాలు కలుపుడు. సున్నము వేయవలెనా యని కొందఱడుగుదురు. నగరములోని బోరునీరు తఱచుగా కఠినజలము. అందు సున్నమే యున్నది. అట్టి నీరు వాడు ఇంట సున్నము వేయక జిప్సమ్ వేయుటయే తగును. ఒక 5 కిలోల ఇటుకకు తగిన ఎరువును ఊకయు కలిపినచో 30 లీటర్ల తొట్లు నాలుగు నిండును. తొట్టికి ఒక్క మొక్కయే. రెండు నాటినచో రెండును ఆకలిగొనును.

దుకాణములో సిద్ధమైన మిశ్రమమును కొనువారును కలరు. సంచిపైని బొమ్మను, పేరును చూచి మోసపోరాదు. ఏ మిశ్రమమునైనను ఇంటిలోనే పరీక్షించుటకు మూడు మార్గములున్నవి. ఇవి పల్లెలోను చేయవచ్చును.

మొదటిది ఎత్తు పరీక్ష. జానెడు కంటె కొంచెము పొడవైన పారదర్శకమగు సీసా తీసికొని, అడుగున చిల్లులు పెట్టి, మిశ్రమమును కొద్దిగా చెమ్మచేసి నింపి, రెండంగుళముల నీటిలో నిలబెట్టుడు. మఱునాటి ఉదయమునకు పైభాగమును ముట్టి చూచినచో చల్లగా తడి తగులవలెను. తగులనిచో ఆ మిశ్రమము నీటినెత్తదు. కొబ్బరిపొట్టు పాలు పెంచవలెను.

రెండవది గాలి పరీక్ష. లీటరు పట్టు డబ్బా అడుగున చిల్లులు చేసి, వానిని మైనముతో మూయుడు. మిశ్రమమును నొక్కక నింపి, నీరు పైకి తేలువఱకు మెల్లగా పోయుడు. ఒక గంట యూఱిన తరువాత చిల్లులు తెఱచి, కాఱిన నీటిని కొలువుడు. నీరు వదలిన చోటునే గాలి చేరును గనుక కాఱిన నీరెంతయో గాలికి చోటంత. 150 నుండి 250 మిల్లీలీటర్ల వఱకు కాఱినచో మిశ్రమము మంచిది. నూఱునకు తక్కువైనచో ఊక పెంచుడు. ఇదే పరీక్షను మీ చేని రేగడిమంటితోను చేసి చూడుడు. అప్పుడు నా మాటలు నమ్మనక్కఱలేదు, డబ్బాయే చెప్పును.

మూడవది మెంతుల పరీక్ష. చిప్పెడు మిశ్రమములో పది మెంతిగింజలు చల్లి తడిపి నీడనుంచుడు. వారమునకు లోపలనే మొలకలు లేచి ఆకులు పచ్చగా విప్పుకొన్నచో భయము లేదు. మొలక రాకపోయినను, వచ్చి కొనలు మాడినను, లవణము మిగిలియున్నది లేదా ఎరువు మాగలేదు. టమాటానారు చచ్చుటకంటె పది మెంతిగింజలు చచ్చుట మేలు గదా!

పరీక్షలో నెగ్గిన మిశ్రమమును నింపు విధానమును చెప్పెదను. ముందుగా దానిని తడిపి, పిడికిట పిండినచో నాలుగైదు చుక్కలు మాత్రము రాలునంత తడిగా నుంచుడు. చిల్లుల గిన్నెలలో మాత్రము వ్రేళ్లతో గట్టిగా నొక్కి నింపుడు. వత్తి సడలిన దీపము వెలుగదు. తక్కిన తొట్టిని నొక్కక వదులుగా నింపుడు. పలకమీద మిశ్రమము ఎత్తు పది పండ్రెండంగుళములకు మించనీయవద్దు. మించినచో తడి పైవఱకు అందదు. నారు నాటిన మొదటి పదిదినములు పైనుండియే నీరు పోయవలెను. వేళ్లు క్రిందికి దిగిన తరువాత గొట్టమున పోసిన చాలును. పైభాగమును ఎండుటాకులతో కప్పుడు.

కాయలు పట్టిన మొక్క ఎండదినమున రెండు మూడు లీటర్ల నీరు త్రాగును. అఱలో ఏడెనిమిది లీటర్లు పట్టినచో రెండు మూడు దినములు గడచును. కుళాయినీరు ప్రతిదినము రాని వీధులలో ఈ తొట్టి ఉపకారమిదియే. కాని గొట్టపు మూతికిని, గోడరంధ్రమునకును సన్నని వల తప్పక కట్టవలెను. లేకున్నచో నీటి అఱ దోమలకు పుట్టిల్లగును. ఆ నీటిలో జీవామృతము, మజ్జిగ, బియ్యపు కడుగు వంటివి పోయరాదు. చీకటిలో అవి కుళ్లి వేళ్లను చంపును. పోషకము నీయదలచినచో పిందె పడిన తరువాత పదిపదునైదు దినముల కొకమాఱు, లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కరగు ఎరువును పైనుండి పోయుడు. నీరు క్రిందినుండి పైకెక్కి ఆవిరియగును గనుక లవణములు పైపొరలో తెల్లగా పేరుకొనును. రెండు నెలలకొకమాఱు పైనుండి ధారాళముగా నీరు పోసి, గోడరంధ్రమునుండి తేటగా వచ్చువఱకు కడుగవలెను. వానకాలమున ఈ పనిని వానయే చేయును.

మన్నెంత మంచిదైనను ఋతువు తప్పినచో ఫలము లేదు. పగటివేడి 35 డిగ్రీలు దాటి, రాత్రియు ఉక్కగా నున్నచో టమాటాపూవు పిందె కట్టక రాలును. కావున హైదరాబాదు మిద్దెలపై వేసవి పంటకు ఆశపడరాదు. భాద్రపద, ఆశ్వయుజములలో నారు నాటినచో చలికాలమంతయు కాయలు కోయవచ్చును. బెంగుళూరు ఉద్యానపరిశోధనసంస్థవారి అర్క రక్షక్ వంటి రకములు ఆకుముడుత, ఎండుతెగులు, ఆకుమాడు తెగుళ్లకు తట్టుకొనును.

పంట ముగిసిన పిమ్మట మిశ్రమమును పాఱవేయవద్దు. వేళ్లను ఏఱివేసి, రెండుదినములు ఎండనిచ్చి, నాల్గవవంతు క్రొత్త ఎరువు కలిపి, పాలకూరయో మెంతికూరయో వేయుడు. ఆ తరువాత మరల టమాటా నాటవచ్చును. రెండు మూడు పంటలకు పొట్టు నలిగి మెత్తబడును. ఎప్పుడు మార్చవలెనన్న ప్రశ్నకు గాలి పరీక్షయే ఉత్తరము చెప్పును. మొక్క ఎండుతెగులుతో చచ్చినచో మాత్రము ఆ మిశ్రమమున వంగ, మిరప, టమాటా వేయకూడదు.

పెద్దలారా, మీ బిడ్డలకు మన్ను పంపవద్దని చెప్పుటలో, మీ మంటిని నేను తక్కువ చేయుటలేదు. అది చేనికి పుట్టినది. చేనిలోనే దాని గొప్పతనము. మీరు పంపదగినవి మూడున్నవి. మీ దొడ్డిలో మాగి జల్లెడపట్టిన ఎరువు ఒక సంచి. మిల్లులోని ఊక ఒక సంచి. వేపపిండి రెండు కిలోలు. ఈ మూడును పట్టణమున డబ్బుపెట్టి కొనవలసినవే, మీ యూరిలో చేతికందునవే. కొబ్బరిపొట్టును వారు దుకాణములో కొందురు. సంచికట్టి పంపునప్పుడు ఎరువును పిడికిట పట్టి వాసన చూచి పంపుడు. ఎరువు మాగినదో లేదో పుస్తకము చదివి తెలిసికొనువారికంటె, వాసనపట్టి తెలిసికొనగల మీ యనుభవమే ఆ మిద్దెపైని మొక్కకు ఎక్కువ మేలు చేయును.